నా బల్ల పక్కన కందిరీగ గూడు

పంతొమ్మిదివందల యాభైల చివర్లో బెంగళూరులోని ఒక పత్రికాఫీసులో నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఊరు తిరిగి వార్తలు తేవాలని చేరాను. నాకిచ్చింది ఆడవాళ్ళ పేజీ, అంటే ఊరగాయలూ స్వెట్టరు అల్లికలూ. పోట్లాడి పోట్లాడి మార్కెట్టు వార్తలు సంపాదించుకున్నాను. చిక్కపేటలో బట్టల మూటల మధ్య తిరిగి కాళ్ళు బొబ్బలెక్కినా అది నా పని.

ఒక వానాకాలం నా బల్ల పక్క కిటికీ చెక్కకు కందిరీగ ఒకటి మట్టిగూడు కట్టసాగింది. కందిరీగ గూడు పెడితే ఆ కప్పు కింద ఎవరో కడుపుతో ఉన్నట్టేనని మావాళ్ళ నమ్మకం. ఆ గదిలో ఉన్న ఒక్క ఆడదాన్ని నేనే, పెళ్ళి కూడా అయినదాన్ని. ఎదుటి బల్ల సబెడిటరు అందుకున్నాడు.

"ఏమ్మా, పురుగు చెప్పేసినాది. కుర్చీ ఖాళీ చేసేదెప్పుడు?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నాకప్పుడు నిజంగానే మూడో నెల. ఆ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ వారంలోనే సంపాదకుడు పిలిచి, మార్కెట్టు వార్తలు వేరొకరికి ఇచ్చానన్నాడు. ఆయన మాట్లాడేదీ మా బెంగళూరు కాటన్‌పేట వీధుల తెలుగే.

"ఎండలో తిరిగే పని నీకెందుకమ్మా? వంటలు రాసుకోపో."

"పురుగు మాట పట్టుకోని నా పని తీసేస్తారా సార్?" అన్నాను. ఆయన ఫ్యాను వంక చూశాడు.

గూడును చీపురుతో రాల్చబోయిన అటెండరును ఆపాను. రోజూ టిఫిన్ డబ్బా తెరుచుకుని దాన్నే చూశాను. పుట్టబోయే పిల్ల తిండికని కందిరీగ పచ్చటి గొంగళిపురుగుల్ని మోసుకొచ్చి లోపల కూరింది, గూడు మూతికి మట్టి పూసింది. చూసింది చూసినట్టు రాసి ఆయన ముందు పెట్టాను.

"ఆడవాళ్ళ పేజీలో పురుగులేందమ్మా? పిల్లల పేజీలో పడేయి" అని కసురుకున్నాడు.

అచ్చయ్యాక బడిపిల్లలు అగ్గిపెట్టెల్లో మట్టిగూళ్ళు పట్టుకుని ఆఫీసు గేటు దగ్గరికి వచ్చారు. "అక్కా, దీంట్లో ఏముండాది?" అని అడిగారు. నా ఊరగాయల కోసం అంతవరకూ ఎవరూ గేటుదాకా రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగినంత సంతోషమైంది.

కడుపు కనబడే వేళకు సంపాదకుడు మళ్ళీ పిలిచాడు.

"ఇప్పుడైనా మానేస్తావా అమ్మా?"

"ఆ కందిరీగ గూడు మూసినాక ఏం చేసినాదో చూసినారా సార్? పక్కనే ఇంకోటి మొదలుపెట్నాది. దాన్నెవురూ మానుకోమన్లేదు."

కాన్పయ్యాక వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాను. పురుగుల మీద పిల్లలకు నేను రాసిన మొదటి పుస్తకం అక్కడే పూర్తయింది. మార్కెట్టు వార్తలు తిరిగి ఇస్తామన్ననాటికి నాకు తీరిక లేదు. వంటలు మాత్రం మళ్ళీ రాయలేదు.