స్పీకర్‌లో చెప్పిన ఫలితం

ఆ మధ్యాహ్నం సూర్యాపేట పశువ్యాధుల ల్యాబ్‌లో నాకు మాట్లాడటానికి మనిషి లేక, మునగాల దగ్గర పందులు పెంచుకునే ఆయనకు నేనే ఫోన్ చేశాను. ఆయన పందుల రక్తపరీక్షలో పందిజ్వరం అని వచ్చినప్పటి నుంచి ఊళ్లో ఆయన గడప తొక్కినవాళ్లు లేరు. పందిజ్వరం వైరస్‌కు, బర్రెలకొచ్చే ఇంకో వైరస్ దగ్గరి చుట్టం. రక్తపరీక్ష ఒక్కోసారి దాన్ని చూసి పందిజ్వరమేనని పొరబడుతుంది. జన్యువులను చూసే పీసీఆర్ పరీక్షే రెంటినీ విడదీస్తుంది. దాని ఫలితం ఆ రోజే వచ్చింది.

“మీ పందులది పందిజ్వరం కాదు. బర్రెల నుంచి అంటిన వైరస్,” అన్నాను.

“జర ఆగుండ్రి సారూ, స్పీకర్ పెడ్త. మళ్ల గట్టిగ జెప్పుండ్రి.”

ఊరంతా వినాలని గొంతు చించుకుని చెప్పాను.

“అందరూ విన్నారా?”

“ఎవలున్నరు సారూ గీడ? నేను, నా పందులు.”