పాళెం ఆడవాళ్లు నీళ్లు పోసిన కారు

ఈ వయసులోనూ కంటిచూపునూ జ్ఞాపకాన్నీ నాకు మిగిల్చి, తెల్లవారగానే తన నామాన్ని తలచుకునే భాగ్యమిచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన మేలు చెప్పుకోకుండా నేను ఏ మాటా మొదలుపెట్టను.

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి గుడి మెట్లు దిగుతుంటే, ఆవరణలో ఒకాయన తన కొత్త కారు మీది దుమ్మును పొడిగుడ్డతో గబగబా తుడుస్తున్నాడు. గుడ్డ కింద ఇసుక కరకరలాడిన చప్పుడు విని నేను మెట్టు మీదే ఆగిపోయాను. పందొమ్మిది వందల అరవైల్లో కారు తోలిన నా వయసువాళ్లెవరైనా ఉంటే, ఆ చప్పుడుకు నా పళ్లెందుకు జివ్వుమన్నాయో వాళ్లకు తెలుస్తుంది.

నాకింకా పెళ్లి కాని ఆ రోజుల్లో, నెల్లూరులో మా క్రైస్తవ సంఘం నడిపే చిన్న ఆసుపత్రిలో డ్రైవరుగా ఉండేవాణ్ణి. ఆ పని ఇప్పించింది సంఘానికి కోశాధికారిగా ఉన్న మా మేనమామ. కారు నల్లటిది, విశ్వాసులంతా కలిసి కొనిచ్చింది. ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు సముద్రపు ఒడ్డు పాళేలకు పోయి, కాన్పు కష్టమైన ఆడవాళ్లను డాక్టరమ్మ దగ్గరికి తెచ్చేది ఆ కారే. అయితే ఉప్పుగాలీ ఇసుకా పట్టిన దాని ఒంటిని నాకు ముందున్న డ్రైవరు పొడిగుడ్డతోనే తుడిచినందువల్ల, పైకప్పు మీద సాలెగూడులా గీతలు తేలాయి. సంఘపు సొత్తు పాడైపోతున్నదని మామయ్య పట్టుబట్టాడు. గుళ్లో పంట కానుకలిచ్చే కోతపండుగ నాటికి రంగు ఇంకా చెడితే ఇక కారును ఒడ్డుకు పంపేది లేదనీ, రోగులే బండి కట్టుకుని ఇందుకూరుపేట దాకా రావాలనీ కమిటీలో అనుకున్నారు. నొప్పులు పడే మనిషిని ఎద్దుల బండిలో ఆ ఇసుకదారిన తేవడమంటే ఏమిటో నేను కళ్లారా చూసినవాణ్ణి.

అందుకే కారు కడగడం నాకు దినదిన ప్రార్థన లాంటిదైంది. డాక్టరమ్మ గాయం మీది మట్టిని ముందు నీళ్లు పోసి జారనిచ్చి, ఆ తర్వాతే దూది తాకించేది. నేనూ అంతే. కారును నీడకు చేర్చి, వేలి ఉంగరం తీసి, చెయ్యి తగలకుండా పైనుంచి నీళ్లు పోసి ఇసుకను కిందికి దింపేవాణ్ణి. తర్వాత మెత్తటి తడిగుడ్డ, అదీ తిన్నగా లాగడమే, గుండ్రంగా రుద్దడం లేదు. గుడ్డ జాడించడానికి వేరే బాల్చీ. కిందపడిన గుడ్డను మళ్లీ కారుకు తాకించేవాణ్ణి కాదు. చక్రాల పక్కనుండే బురద భాగాన్ని అన్నిటికన్నా చివర, వేరే గుడ్డతో కడిగేవాణ్ణి.

కోతపండుగకు వారం ముందు, కాన్పులో ప్రాణం మీదికొచ్చి బతికి బయటపడ్డ ఒక అమ్మాయినీ ఆమె కన్న ఆడపిల్లనూ వాళ్ల పాళెంలో దింపడానికి పోయాను. ప్రార్థన చేసి అన్నం తిని పొమ్మని మగవాళ్లు నన్ను పాకలోకి పిలిచారు. ఆమేన్ అనేంతలో బయట గరగరమని చప్పుడు. పరుగున వచ్చి చూస్తే, ఆ అమ్మాయి అవ్వ, ఆమెతో నలుగురైదుగురు ఆడవాళ్లు, తాగడానికి చెలమలో తోడుకున్న మంచినీళ్లు బిందెలతో తెచ్చుకుని, కొబ్బరిపీచూ బూడిదా పెట్టి కారు తలుపును తోముతున్నారు.

"ఏంది నాయనా, దయ్యాన్ని జూసినట్టు అట్టా నిలబడిపోయినావు? మా ఇత్తడి బిందెలు జూడు, మొగం కనపడతాది. నీ కారు గూడా అట్టా చేసిస్తాం!" అంది అవ్వ.

వెనక తలుపు అప్పటికే బూడిదరంగుకు తిరిగింది. నోటిదాకా వచ్చిన కేకను మింగాను. బైబిల్లో, ప్రభువు మీద ప్రేమతో అత్తరు పోసిన స్త్రీని వృథా చేసిందని విసుక్కున్నవాళ్లు నాకు గుర్తొచ్చారు. కానీ చెప్పకుంటే కారే రాకుండా పోతుంది. రంగు పోతే కమిటీవాళ్లు ఇటు పంపరని మెల్లగా చెప్పాను. చేతులన్నీ ఆగిపోయాయి. అవ్వ పీచును దూరంగా విసిరేసింది.

"ఆ ముక్క ముందే చెప్పబళ్లేదా, సచ్చినోడా! మరి ఎట్టా కడగాల?"

నా పాఠమంతా చెబితే ఎవరి తలకెక్కుతుంది? "పురిటిబిడ్డకి పోసినట్టు పొయ్యవ్వా," అన్నాను.

"అయితే దీన్ని కాళ్ల మీద పండేసుకోవాల్నా? నా మోకాళ్లు పిండైపోవూ!" అని అవ్వ అనేసరికి అందరూ నవ్వారు. అయినా ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. గాజులు మోచేతుల పైకి తోసుకుని, తలనుంచి నీళ్లు జారవిడిచి, మెత్తగా అద్ది ఆరబెట్టారు. పాడైన తలుపు మాత్రం పాడైనట్టే ఉండిపోయింది.

పండుగనాటి పొద్దున మామయ్య ఆ తలుపు మీద చెయ్యి రాసి, గుళ్లోకి వెళ్లిపోయాడు. కారు ఇక ఒడ్డుకు పోదేమోనన్న దిగులుతో నాకు ఆరాధనలో ఒక్క కీర్తన కూడా నోటికి రాలేదు. కానుకలుగా వచ్చిన గుమ్మడికాయలూ వరికట్టలూ కోళ్లూ ఎప్పటిలాగే చివర వేలం వేస్తున్నారు. వాటి నడుమ ఒక మూట. పాళెం నుంచి నడిచొచ్చిన అవ్వ తెచ్చింది. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ పాత చీరలూ పంచెలూ, గీసుకుంటాయని అంచులు చించేసి, చదరంగా మడిచినవి. దేవుని బల్ల ముందు పాతగుడ్డలా అని ఎవరో కిసుక్కుమన్నారు. వేలం వేసేవాడు దాన్ని పక్కకు జరపబోయాడు.

మామయ్య లేచి నిలబడి ఆ మూటకు వేలంపాట పాడాడు. పోటీకి ఎవరూ రాలేదు. కాసేపు చూసి, తన పాట మీద తానే మళ్లీ పెంచాడు. గుడంతా నవ్వింది, అవ్వ తప్ప. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంటూ ఉంది. మూటను నా చేతుల్లో పెట్టి మామయ్య అన్నాడు: "ఆ తలుపు జూసినాన్రా. ఈ గుడ్డలు డిక్కీలో పెట్టుకో. ఆళ్ల పాళానికి పొయ్యేటప్పుడు మర్చిపోయేవు."

కమిటీలో ఇక కారు ఆపే ప్రస్తావన రాలేదు.

ఇప్పుడు ఆ పాళెం దాకా తారురోడ్డుంది, పిలిస్తే అంబులెన్సు వస్తుంది. అందుకూ దేవునికే స్తోత్రం. కార్లను పంపుతో నురగ కొట్టి కడిగేస్తున్నారు, మనిషి చెయ్యి తగలనే తగలదు, గీతా పడదు. మంచిదే. కానీ తాగే నీళ్లు తెచ్చి పరాయివాళ్ల కారుకు స్నానం చేయించిన అలాంటి చేతులు ఇప్పుడు ఏ పనిలో ఉన్నాయో, మేలు పొందినప్పుడు ఏం తీసుకుని గుడికి వస్తున్నాయో అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

ఆ కారులో ఇంటికి చేరిన పసిబిడ్డ ఈపాటికి తానే అవ్వ అయి ఉంటుంది. పేరు నాకు తెలియదు, దేవునికి తెలుసు. ఇది చదివిన మీరు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, ఆమె కోసం, ఆమె ఒడిలో స్నానం చేసే పసివాళ్ల కోసం నాతోపాటు ప్రార్థించండి.