నాలుగు పుంజాల ఆరు బాతులు

మహబూబ్‌బీ లెక్క తప్పిందని ప్రొద్దుటూరంతా చాటింది నేనే. ఆ తప్పు ముందే ఒప్పుకుంటే తప్ప ఆమె గురించి చెప్పే అర్హత నాకు లేదు.

ఆమెది మగ్గాలకు పడుగు తయారుచేసే పని. చీరలో నిలువుగా పోయే పోగులన్నీ లెక్కగా చేర్చి నేతగాళ్లకు ఇవ్వాలి. నూటిరవై పోగులైతే ఒక పుంజం. ఒక్క పోగు తగ్గినా అంచు దగ్గర తేడా కొడుతుంది, మగ్గంలో కూర్చున్నవాడు తిట్లు లంకించుకుంటాడు. ముప్పై ఏళ్లలో మహబూబ్‌బీని అలా తిట్టినవాడు లేడు. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లలను ఆ పనితోనే పెంచి పెద్దచేసింది. చదువు లేదు, సంతకం బదులు వేలిముద్ర. పక్కింటివాణ్ణి నేనేమో హైస్కూల్లో లెక్కల అయ్యవారిని!

చలికాలం వస్తే నాకొక పిచ్చి. జమ్మలమడుగు దారిలో పెన్న ఒడ్డున ఒక చెరువుంది. మంచుకొండలు దాటి ఎక్కడి నుంచో వచ్చే పెద్ద బాతులు, తలమీద రెండు నల్లగీతలున్నవి, పుష్యమాసంలో అక్కడ దిగుతాయి. బైనాక్యులర్ మెడకు తగిలించుకుని ఆదివారం మొదటి బస్సుకు పోయేవాణ్ణి. ఆ చెరువు పక్క ఊరే మహబూబ్‌బీ పుట్టినిల్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, నాతో మా ఆవిడ సరస్వతి బయలుదేరితే, మహబూబ్‌బీ తానూ వస్తానంది.

"శెనగచేన్లో పడకుండా ఈటిని తోలేకి మాయమ్మ నన్నే పెట్టేది సరస్వతమ్మా," అంటూ బస్సు దిగీదిగగానే గట్టెక్కింది. నాకు అవి వింత పక్షులు, ఆమెకు చిన్ననాటి చుట్టాలు.

ఆ రోజు ఫొటో స్టూడియో షంషుద్దీన్‌ను కూడా కెమెరాతో వెంటబెట్టుకు పోయాను. గట్టుమీద ఏదో కుక్క మొరిగింది. గుంపు మొత్తం ఒక్కసారిగా లేచింది. షంషుద్దీన్ ఫొటో తీశాడు. నేను ముప్పై దాకా లెక్కపెట్టి తికమకపడి, "అబ్బ, ఎన్ని బాతులో!" అన్నాను.

మహబూబ్‌బీ కళ్లు చికిలించి, ఒక్కో వేలే మడుస్తూ చూసింది. "నాలుగు పుంజాల ఆరు," అంది.

"నాలుగువందల ఎనభై ఆరా? ఎగిరేవాటిని ఎట్ల లెక్కపెట్టినావు మహబూబ్‌బీ?" అని పకపకా నవ్వాను.

"పోగులు మాత్రం ఒకటొకటి లెక్కపెడతానా అయ్యవారూ? పుంజం ఎంతుంటాదో కంటికి తెల్దా?"

పది రోజులకు షంషుద్దీన్ పెద్ద ఫొటో చేసి ఇచ్చాడు. భూతద్దం పెట్టుకుని, గుండుసూదితో ఒక్కో బాతునూ పొడుస్తూ లెక్కపెట్టాను. అయిదువందల మూడు! పొంగిపోయాను. ఊరుకుంటే నేను అయ్యవారినెందుకవుతాను? టీ అంగట్లో కూర్చుని, "మన మహబూబ్‌బీ లెక్క పదిహేడు తప్పింది," అన్నాను. ఎగతాళికే అన్నాను. కానీ ఆ మాట మగ్గాల వీధికి చేరేసరికి బాతులు దారిలోనే రాలిపోయి, ఆమె లెక్క తప్పిందన్నది మాత్రం మిగిలింది.

ఆమెకు మొదటినుంచీ పని ఇస్తున్న బాలసుబ్బయ్య, ఆ వారం ఆమె తెచ్చిన పడుగును ఆమె ఎదుటే మనిషిని పెట్టి లెక్కపెట్టించాడు. "వయసయితాంది గదా, కండ్లు ఆనుతాండాయో లేదో," అన్నాడట. ఇలా రెండుసార్లు లెక్కపెట్టినవాడు మూడోసారి పని ఇంకొకరికి ఇస్తాడు. అది ఆ వీధిలో అందరికీ తెలిసిందే.

మర్నాడు పొద్దున్నే మహబూబ్‌బీ మా గడపలో నిలబడింది. చంకలో కొత్త పడుగు మూట.

"ఏంది అయ్యవారూ, నా నోటికాడి కూడు తీస్తాండావు? యాడుంది ఆ ఫొటో? తీ!"

తీసి ముందర పెట్టాను. అంచున ఒకచోట వేలు పెట్టింది. "ఇదేంది?"

"బాతు."

"బాతుకు తోక ఇంత పొడుగుంటాదా? సరిగ్గా చూడు!"

భూతద్దంలో చూశాను. నీటికాకి. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఇంకొకటి. మెడ చాచి ఎగిరితే దూరానికి అవీ బాతుల్లానే ఉంటాయి. వేలితో చూపిస్తూ పోయింది, సరిగ్గా పదిహేడు. పదేళ్లుగా బైనాక్యులర్ మోస్తున్నవాణ్ణి, పప్పులో కాలేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నువ్వు బాతులంటివి, బాతులే చెప్పినా. కాకుల లెక్క గూడా కావల్లంటే ముందే అడగాల," అంది.

చొక్కా తగిలించుకుని ఆమె వెంట బాలసుబ్బయ్య ఇంటికి పోయాను. అరుగుమీద పనికోసం వచ్చిన నేతగాళ్లు పదిమంది దాకా ఉన్నారు. తప్పు నాదేనని, ఆమె లెక్క ఒక్కటి కూడా తేడా రాలేదని అందరికీ వినబడేలా చెప్పాను. బాలసుబ్బయ్యకు ముఖం చెల్లలేదు.

"సరేలే మహబూబ్‌బీ, ఆడ పెట్టిపో. ఇంక లెక్కపెట్టంలే."

ఆమె మూట దించలేదు. "లెక్కపెట్టాల. అయ్యవారు చెప్పినాడని నమ్మొద్దు, నా పని చూసి నమ్ము. లెక్కపెట్టేది గూడా అయ్యవారే."

అరుగుమీద కూర్చుని, ఒక్కో పోగూ వేలితో జరుపుతూ లెక్కపెట్టాను. నడుము పట్టేసింది. ఎండ నడినెత్తికొచ్చింది. ఎవరూ కదల్లేదు. ఆమె కూర్చోలేదు కూడా.

"ఇరవై పుంజాలు. ఒక పోగు ఎక్కువ లేదు, ఒక పోగు తక్కువ లేదు," అన్నాను. ఈమె మా పక్కింటి మనిషి అని ఎలుగెత్తి చెప్పుకోవాలనిపించింది.

బాలసుబ్బయ్య లేచి, కొత్త నూలు రెండు చేతులతో అందించాడు. ఆ తర్వాత ఆమె బతికిన పంతొమ్మిదేళ్లలో ఆమె పడుగును ప్రొద్దుటూరులో ఎవరూ లెక్కపెట్టలేదు.