యాదమ్మ ఖాళీ చేసిన సీసా

2023 ఎండాకాలం. లాల్‌దర్వాజాకు నాలుగు గల్లీల అవతల, ఒకప్పుడు ఎవరిదో కట్టెల అడితిగా ఉన్న పాత ఇంట్లో మా ఆరోగ్య కేంద్రం నడిచేది. ముందు గదిలో ఓపీ, అంటే బయటినుంచి వచ్చి చూపించుకుని వెళ్లిపోయే రోగుల కోసం. వెనక గదిలో మందులు, ఇంజెక్షన్లు, నేను. నర్సుగా అప్పటికి నాకు పదకొండేళ్ల అనుభవం. పుట్టింది గుడివాడ దగ్గర. మా ఆయనకు కంచన్‌బాగ్‌లో ఉద్యోగం రావడంతో ఈ ఊరు వచ్చాం, దవాఖానకు దగ్గర్లోనే అద్దె ఇల్లు దొరికింది. నాకు కోపం తొందరగా వస్తుంది. చెప్పిన మాట వినని రోగుల మీద ఇంకా తొందరగా వస్తుంది. వాళ్లు నన్ను చాటుగా గుస్సా సిస్టర్ అంటారని తెలుసు. తెలియనట్టే ఉండేదాన్ని, ఎందుకంటే ఆ పేరు వల్ల సగం మంది మందులు సరిగ్గా వేసుకునేవారు.

యాదమ్మ ఒక గురువారం మధ్యాహ్నం వచ్చింది. నలభై ఐదేళ్లు దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి, నుదుట పెద్ద బొట్టు, దవడలో పొగాకు, ఇక్కడి మాటలో తంబాకు. పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది గానీ బల్ల మీద కూర్చోలేదు. గల్లీలు ఊడ్చే పని ఆమెది.

"ఒంటికి పోతే మంటగ ఉంటుంది సిస్టరమ్మా. మంట గాదు, నిప్పే."

యూరిన్ రొటీన్ చేయించాం. మూత్రానికి చేసే మామూలు పరీక్ష అది. పస్ సెల్స్ నిండుగా ఉన్నాయి. అవి చీము కణాలు, ఎక్కువగా కనబడితే ఇన్ఫెక్షన్ ఉన్నట్టు. పాత కార్డు తిరగేస్తే ఆ యేడు అదే బాధతో ఆమె రావడం మూడోసారి. మా డాక్టరుగారు మందులు రాసి నా దగ్గరికి పంపారు. మందులిచ్చి మాటలు చెప్పడం నా వంతు.

"రోజుకు నీళ్లెన్ని తాగుతావు యాదమ్మా?"

"తాగుతనే ఉంట."

"ఎన్ని?"

"పొద్దుగాల చాయ్ తాగుత. ఇంటికి పోయినంక నీళ్లు తాగుత."

తెల్లారకముందే చీపురు పడితే మళ్లీ ఇల్లు చేరేది ఒంటిగంటకు. మధ్యలో చుక్క నీరు లేదు, అది కూడా మే నెల ఎండలో. నాకు ఒళ్లు మండిపోయింది. కిడ్నీల గురించి, తంబాకు గురించి పావుగంట సేపు వాయించాను. ఆమె తల ఊపుతూ అంతా విన్నది. "అట్లనే సిస్టరమ్మా" అని వెళ్లిపోయింది. నెల తిరక్కుండా అదే మంటతో మళ్లీ వచ్చింది.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. నా లీటరు నీళ్ల సీసా ఆమె చేతిలో పెట్టాను. దాని మీద మార్కర్‌తో మూడు గీతలు గీసి, ఈ గీత వరకు ఏడింటికి, ఇది తొమ్మిదింటికి, అడుగున ఉన్నది పదకొండింటికి అని చెప్పాను. గురువారం గురువారం పని అయ్యాక ఇటు వచ్చి ఖాళీ సీసా చూపించి పోవాలన్నాను.

చెప్పిన మాట తప్పలేదు. ప్రతి గురువారం వచ్చి, గుమ్మంలోనే సీసా బోర్లించి చూపించేది. చుక్క రాలేది కాదు. నేను కార్డులో టిక్ పెట్టేదాన్ని. ఒకరోజు షుగరు రోగులందరి ముందు, "యాదమ్మను చూసి నేర్చుకోండి, చెబితే వింటుంది" అని మెచ్చుకున్నాను కూడా. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూసింది. సిగ్గుపడుతోందనుకున్నాను.

ఏడో గురువారం సీసా రాలేదు. శుక్రవారం తోటి పనామె ఒకావిడ యాదమ్మను ఆటోలో తీసుకొచ్చింది. చలిజ్వరంతో పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. డాక్టరుగారు నడుముకు కాస్త పైన, పక్కన నొక్కితే కెవ్వుమంది. పైలోనెఫ్రైటిస్. మూత్రకోశంలో ఉన్న ఇన్ఫెక్షన్ పైకి పాకి కిడ్నీకి చేరడాన్ని అలా అంటాం. పెద్దాసుపత్రికి పంపించాం. చాలా రోజులే ఉండాల్సి వచ్చింది. వాళ్లిచ్చిన కాగితంలో క్రియాటినిన్ ఉండాల్సిన దానికంటే పైన ఉంది. రక్తాన్ని కిడ్నీలు ఎంత బాగా వడగడుతున్నాయో చెప్పే లెక్క అది, పెరిగితే మంచిది కాదు.

"ఇంకో రెండుసార్లు ఇలా అయితే ఆ కిడ్నీ మీద ఆశ వదులుకోవాల్సిందే" అన్నారు డాక్టరుగారు. "నీళ్లు తాగమని గట్టిగా చెప్పండి సిస్టర్."

గట్టిగా చెప్పడంలో నాకేం లోటు? ఆమె రాగానే తలుపు దగ్గరకు వేసి కూర్చోబెట్టాను.

"ఆరు వారాలు సీసా ఖాళీ చేసి చూపించావు. ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోయాయి?"

"చల్లిన" అంది.

"ఏం చల్లావు?"

"నీళ్లే. గల్లీల. ఊడ్చే ముందుగాల నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. ఉత్తగనే పారబొయ్యబుద్ధి గాలే సిస్టరమ్మా. మంచినీళ్లాయె. అక్కరకొస్తయని చల్లిన."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "తాగమని ఇస్తే చల్లడం ఏమిటి? తాగితే ఏమవుతుంది?"

"తాగితే పోవాలె గద."

"పోతే పో. ఎవరు వద్దన్నారు?"

ఆమె మొదటిసారి నా కళ్లలోకి చూసింది. "ఏడికి పోవాలె?"

పదకొండేళ్లలో ఎన్ని వందల మందికి నీళ్లు తాగమని చెప్పి ఉంటానో. ఆ నీళ్లు తాగాక వాళ్లు ఎక్కడికి వెళతారన్న ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు. మా దవాఖాన గోడ మీద నీళ్లు తాగుతున్న ఆడమనిషి బొమ్మ ఉంది. ఆ బొమ్మ వేసినవాళ్లకూ వచ్చినట్టు లేదు.

ఆమె తిరిగి పనిలో చేరే రోజున నేనూ వెంట వస్తానన్నాను. "నీకెందుకమ్మా గంత తిప్పలు" అని ఒకటే వద్దంది. ఆ వద్దనడం వెనక ఏముందో నాకప్పుడు తెలియదు. సెలవు పెట్టి, తెల్లారకముందే ఆమె పని మొదలుపెట్టే మూల మీదికి వెళ్లాను. ముక్కూ నోరూ కప్పేలా స్కార్ఫ్ కట్టుకుని ఉంది. కళ్లు తప్ప ఏమీ కనిపించవు. పలకరించేదాకా నేను గుర్తుపట్టనే లేదు.

ఊడ్చుకుంటూ ఒక్కొక్కటీ చూపించింది. మగవాళ్లు నిలబడే గోడ. తొమ్మిదింటిదాకా తాళం తీయని మరుగుదొడ్డి. తీసినా ఆడవాళ్ల వైపు గొళ్లెం లేదు.

"ఇళ్లల్లో అడగొచ్చు కదా?"

"మొదట్ల అడిగిన. ఒకామె పోనిచ్చింది. మంచిదే అనుకున్న. నేనింక గేటు దాటనే లేదు, ఫినాయిల్ కొట్టి బరబర కడగవట్టింది. నేను సూస్తున్న అని ఎర్కనే, అయినా కడగవట్టింది." చీపురు ఒకసారి నేలకు కొట్టి సరిచేసుకుంది. "గప్పటిసంది ఎవల్ని అడగబుద్ధి గాలే. మల్ల ఒక్కపారి మాత్రం, పానం మీదికొస్తే అడిగిన. గంతే. తంబాకు దవడకు వెట్టుకుంటే దూప గాదు, ఆకలి గాదు. పొద్దు ఎల్లిపోతది."

నేను పావుగంట సేపు తిట్టిన తంబాకు అది. దాహం తెలియకుండా ఉండడానికి ఆమె దగ్గరున్న ఒకే ఒక మందు.

మాట్లాడుకుంటూ మలుపు తిరిగాం. ఎదురుగా మా గల్లీ.

"ఈ గల్లీ కూడా నీదేనా? మా ఇల్లు ఇక్కడే" అన్నాను.

"ఎర్కనే" అంది యాదమ్మ. చీపురు వేగం పెంచింది.

మా గేటు కనబడగానే నా కాళ్లు ఆగిపోయాయి. అంతకుముందు వానాకాలం. పొద్దున్నే నేను టిఫిన్ డబ్బాలు సర్దుతూ హడావిడిగా ఉన్నాను. ముఖానికి స్కార్ఫ్ కట్టుకున్న పారిశుద్ధ్య పనామె ఎవరో గేటు దగ్గర నిలబడి, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, "అమ్మా, జర బాత్రూంకు పోనిస్తరా" అని అడిగింది. గేటు పక్కనే వాకిట్లో పాత బాత్రూం ఉంది. ఇంటి లోపల కొత్తవి కట్టించాక దాన్ని ఎవరూ వాడడం లేదు. నేను, "మా ఓనరమ్మ ఒప్పుకోదు, ఏమనుకోకు" అని గేటు వేసేశాను. అర నిమిషం కూడా పట్టలేదు. ఆ సాయంత్రానికే మర్చిపోయాను.

"అది నువ్వేనా?"

"ఎవలైతేంది తియ్యమ్మా."

"నన్ను గుర్తుపట్టి కూడా దవాఖానకు వచ్చావా?"

ఆమె చీపురు గోడకు ఆనించింది. "దవాఖానల నువ్వు నా చెయ్యి వట్టుకొని సూస్తవు. కోపం జేస్తవు గని, మల్ల నీ సీసనే నాకిస్తివి. ఇంటికాడ ఓనరమ్మ ఒప్పుకోదంటివి. కిరాయికుండేటోళ్లు ఏం జేస్తరు? నీ తప్పేముంది?"

నా అబద్ధాన్ని ఆమె ఏడాదిగా నమ్ముతోంది. నమ్మి, నన్ను వెనకేసుకొస్తోంది. ఆరు వారాలు ఆమె ఖాళీ సీసా చూపించి చేసిన మోసం నా మోసం ముందు ఏపాటిది? చెప్పకుండా ఉండలేకపోయాను.

"ఓనరమ్మను నేను అడగనే లేదు అక్కా. నీకు ఊరికే అలా చెప్పాను."

అక్కా అని ఆమెను పిలవడం అదే మొదలు. ఆమె మా గేటు ముందు ఒకసారి ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది.

నేను నేరుగా మా ఓనరమ్మ దగ్గరికి వెళ్లాను. తరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబం. ఆవిడకు డెబ్బై పైనే. మడి, ఆచారం చూసే మనిషి కాబట్టి జవాబు నాకు ముందే తెలుసనుకునేదాన్ని. అరుగు మీద కూర్చుని దేవుడికి మాల కడుతోంది. విషయం చెప్పాను.

"గా బాత్రూమా? ఎవ్వలు వాడకనే పాడువడ్డది. పోనియ్యి, ఏమాయె" అంది, దారం పంటితో తెంపుతూ.

"మీరు ఒప్పుకోరేమో అనుకున్నానండి."

"ఒప్పుకోనని నీకెవలు చెప్పిన్రు బిడ్డా? నన్నెప్పుడన్న అడిగినవా?" అని తలెత్తి చూసింది. "తాళంచెవి గేటుకాడి గూట్లె వెట్టు. ఎవలు వోయినా నీళ్లు కొట్టి రావాలె. నువ్వు వోయినా, నేను వోయినా."

అంతే. ఏడాది ముందే అడిగి ఉంటే ఏడాది ముందే అయిపోయే పని.

తాళంచెవి గూట్లోకి చేరింది. కానీ యాదమ్మ లోపలికి వెళ్లలేదు. మొదటి రోజు, రెండో రోజు, వారం. ఊడ్చుకుంటూ వచ్చి, గూటి వంక చూసి, అలాగే ముందుకు పోయేది. పాత నేనైతే, ఇంత చేసినా వినదేం అని కోప్పడేదాన్ని. ఈసారి కోపం రాలేదు. తలుపుకు తాళం తీసినంత తేలిగ్గా మనసులో దిగిన అవమానం పోతుందా? నేను రోజూ ఆ వేళకు గేటు దగ్గర ఏదో పని కల్పించుకుని నిలబడేదాన్ని. తొమ్మిదో రోజున, "అక్కా, రా" అన్నాను. ఆమె చీపురు గేటు బయటే పెట్టి, చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది.

బయటికి వచ్చాక వెళ్లిపోలేదు. గేటు పట్టుకుని నిలబడింది. నా చేతుల వైపు చూస్తోంది. దేనికోసం చూస్తోందో నాకు అర్థమైంది. ఫినాయిల్ కోసం.

నేను ఆమె పక్కనుంచి నడిచి, ఆ బాత్రూంలోకే వెళ్లి తలుపు వేసుకున్నాను. మామూలుగా ఎవరైనా వెళ్లినట్టే వెళ్లాను. ఓనరమ్మ చెప్పినట్టు నీళ్లు కొట్టి బయటికి వచ్చాను. యాదమ్మ స్కార్ఫ్ కిందికి లాగి ఉంది. సీసా ఎత్తి నీళ్లు తాగుతోంది. మొదటి గీత దాటి రెండో గీత దాకా ఆపకుండా తాగింది. కళ్ల నుంచి కారుతున్నది చెమటే అనుకోమన్నట్టు కొంగుతో మొహమంతా తుడుచుకుంది. నా కళ్లు నేను తుడుచుకోవడానికి ప్రయత్నించలేదు.

ఆ తర్వాత తోటి పనివాళ్లు మరో ఇద్దరు కూడా ఆ తాళంచెవి వాడడం మొదలుపెట్టారు. యాదమ్మకు మళ్లీ జ్వరం రాలేదు. క్రియాటినిన్ తగ్గి, ఉండాల్సిన చోటికి దగ్గరగా వచ్చి నిలిచింది. తంబాకు పూర్తిగా మానలేదు. తగ్గించానంటుంది, ఎంత తగ్గించిందో నేను గుచ్చి గుచ్చి అడగను.

ఈ కేసు నాకు నేర్పింది ఒక ప్రశ్న. ఇప్పుడు నా బల్ల ముందుకు ఎవరొచ్చినా, అది చెయ్యి, ఇది మానెయ్యి అనే ముందు, నువ్వు ఇలా చేయడం వల్ల నీకు ఏ ఇబ్బంది తప్పుతోంది అని అడుగుతాను. జవాబు చెప్పేదాకా ఆగుతాను. ఆ జవాబులో ఒక్కోసారి నా గేటు కూడా ఉండొచ్చని తెలుసు కాబట్టి, జాగ్రత్తగా వింటాను.

యాదమ్మ ఇప్పటికీ మా గల్లీకి వస్తుంది. సీసా మీద నేను గీసిన గీతలు చెరిగిపోయాయి. ఈమధ్య ఒక పొద్దున చూస్తే, మా గేటు ముందు నిలబడి సీసాలో అడుగున మిగిలిన కాసిని నీళ్లు నేల మీద చల్లుతోంది.

"అక్కా, మళ్లీ చల్లుతున్నావా?" అన్నాను, కాస్త గుస్సా సిస్టర్ గొంతుతోనే.

"ఫికర్ జెయ్యకు" అని నవ్వింది. "నా వంతు తాగినంకనే. ఇవి నీ వాకిలికి."