రేడియేటర్‌కి కట్టిన పాత చీర

కొన్నాళ్లుగా మా పాత కారు ఊరు దాటకముందే వేడెక్కుతోంది. ఇంజన్ పైమూత కింద ఉండే రబ్బరు ప్యాకింగ్ పోయి ఆయిల్ కూడా కారుతోంది. కూలెంట్ మార్చాను, థర్మోస్టాట్ మార్చాను, కారుని తిట్టాను. ఏదీ పనిచేయలేదు.

ఇవాళ ఆయాసంతో ఉన్న అమ్మని చిలకలూరిపేటలో డాక్టరుకి చూపిద్దామని బయల్దేరితే, అద్దంకి దాటగానే బానెట్‌లోంచి పొగలు. రోడ్డు పక్క షెడ్డులో మెకానిక్ ముందు గ్రిల్ విప్పి, రేడియేటర్‌కి అడ్డంగా కట్టి ఉన్న పాత చీర ముక్కని బయటికి లాగాడు. గాలి ఆడకపోతే ఇంజన్ ఉడక్క ఏం చేస్తుంది? ఆ వేడికే ప్యాకింగ్ కూడా గట్టిపడి పగిలిందట.

"ఎవడు చేశాడీ పని?" అని అరిచాను.

వెనక సీట్లోంచి మా ఆవిడ మెల్లగా అంది. "నేనేనండీ. ఆమధ్య మిరపకాయల కళ్లాల పక్కనుంచి వెళ్తుంటే ఘాటంతా కార్లోకొచ్చి అత్తయ్యగారికి ఒకటే దగ్గు. ముందు అడ్డం కడితే లోపలికి రాదనుకున్నా."

రోజూ కోడలికి వంకలు పెట్టే మా అమ్మే అంది: "పిచ్చిమొహమా, ఆ గుడ్డ కట్టాల్సింది కారు ముక్కుకి కాదే, నా ముక్కుకి!"

ప్యాకింగ్ మార్పించుకుని డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాం. తిరిగొచ్చేటప్పుడు కళ్లాలు కనబడగానే అమ్మ కొంగు తీసి సగం తన ముక్కుకి, సగం కోడలి ముక్కుకి అడ్డం పెట్టింది. తుమ్ముతూ కారు నడుపుతున్న నన్ను పట్టించుకున్నవాళ్లే లేరు. మీ ఇళ్లలోనూ ఇంతేనా?