ఒక్క సమాజానికే అతుక్కుపోయిన విగ్గుల మేస్త్రి

ఆ ఊళ్ళో నాటక సమాజాలు మూడు. ఒకరి నాటకం ఇంకొకరు చూడరు. చూసినవాణ్ణి తమవాళ్ళే వెలివేస్తారు. మూడు గడపలూ తొక్కగలిగినవాడు విగ్గుల మేస్త్రి ఒక్కడే. గడ్డాలంటించేవాడికి పక్షమేమిటని అతణ్ణెవరూ లెక్కచేయలేదు.

చేతులు గడ్డం మీదున్నా అతని నోరు ఊరుకునేది కాదు. "ఏడుపు రాకపోతే జనానికి వీపు చూపించండి బాబూ. భుజాలు కదిపితే చాలు" అనేవాడు. అది రెండో సమాజపు నటి దగ్గర చూసిన ఒడుపు. మొదటి సమాజపు అధ్యక్షులవారు అది తమ బుర్రలోనే పుట్టిందనుకొని, అలాగే ఆడి, ఆ యేడు పోటీలో కప్పు కొట్టారు. కొట్టగానే వారికి అనుమానం పట్టుకుంది.

"మన గుట్టు అటు మోస్తున్నావేమో మేస్త్రీ! ఇకనుంచి మాకే పనిచెయ్యి. పోస్టరు మీద నీ పేరు వేయిస్తా."

ఇరవై రెండేళ్ళుగా ఎక్కడా పేరు పడని మనిషి, కరిగిపోయాడు.

"ఆ నూతి కప్పల్లో నువ్వో కప్పవా?" అంది భార్య.

"పేరు పడుతుందే!"

"పడుతుంది, నూతిలో."

మరుసటి యేటి సమాజ వైభవం వర్ణించ తరం కాదు. అధ్యక్షులవారు రాసి, తామూ వేషం కట్టారు, వారి బావమరిది ఆడించాడు, నలుగురు మిత్రులు ఆడారు. అందరూ అందరినీ మెచ్చుకున్నారు. ఒకరికి తెలిసినదే ఆరుగురికీ తెలుసు. ఆరుగురికీ తెలియనిది లోపలికి వచ్చేందుకున్న ఒక్క దారినీ పోస్టరంటించి మూసేశారు.

పోటీనాడు తెర లేవబోతుండగా అధ్యక్షులవారు గడ్డం అంటించుకుంటూ, "చావు సీను చప్పగా ఉందయ్యా, కొత్తదేదైనా చెప్పు" అన్నారు.

మేస్త్రి బుర్రంతా తడుముకున్నాడు. ఏడాదిగా ఈ ఆరుగురి మాటలు తప్ప చెవిన పడినదేదీ లేదు. "వీపు చూపించి..." అన్నాడు.

"ఆహా! నా మనసులో మాటే!"

చచ్చేవాడు వీపు చూపించాడు. ఏడ్చేవారూ వీపులే చూపించారు. "ఒరేయ్, చచ్చిందెవడ్రా?" అని వెనక వరసలోంచి ఎవడో అరిచాడు. హాలంతా నవ్వింది. కప్పు రెండో సమాజానికి పోయింది. గెలిచిన యేడు ఆలోచన అధ్యక్షులవారిది. ఓడిన యేడు అది "మేస్త్రి దరిద్రపు సలహా" అయింది.

మర్నాడు మేస్త్రి పెట్టె పట్టుకొని బయలుదేరాడు. మూడో సమాజంవారు తలుపే తీయలేదు. వారికీ ఒక అధ్యక్షులున్నారు కదా! రెండో సమాజపు నటి అద్దంలోంచే చూసింది.

"ఎవరూ, పోస్టరు మేస్త్రిగారా? దారి తప్పారా?"

"తప్పే తల్లీ."

"మీవాళ్ళేం చేస్తున్నారు?"

"ఒకరినొకరు ఓదార్చుకుంటున్నారు."

ఆమె ఫక్కున నవ్వింది. "రండి, ఈ సవరం జారిపోతోంది. పైగా కొత్త నాటకం ఎలా ఎత్తుకోవాలో తేలక చస్తున్నాం."

మేస్త్రి నాలుక చివరిదాకా పాత సలహా ఏదో వచ్చింది. మింగేసి, దువ్వెన అందుకున్నాడు.

"మొదటినుంచి చెప్పండమ్మా, వింటాను."