చిల్లులు పొడిచిన పందిరి

జువ్వలదిన్నె ప్రజలకు ముఖ్య గమనిక: ఈ రోజు మా వాకిట్లో ఎండను రద్దు చేశాను.

రేపటి వేటకు పోవాల్సిన వలను మా అక్క ఎండలో మాడిపోతూ బాగుచేస్తుంటే చూడలేక, పందిరికని సాగే గుడ్డ తెచ్చాను. మూలలకు కత్తెరతో చిల్లులు పొడిచి, సరుగుడు కర్రలకు లాగి కట్టాను. గాలి కొట్టగానే చిల్లులు చిరిగాయి. గుడ్డ సముద్రం దాకా ఎగిరింది, ఊరంతా వెంటపడి పట్టుకొచ్చింది.

“గుడ్డకు చిల్లులెందుకు పొడిచినావురా? వలకున్నవి చాల్లేదా?” అంది అక్క.

“మరెట్టా కట్టేదక్కా?”

“ఇట్టా చూడు.” ఒక్కో మూలలో గులకరాయి పెట్టి, గుడ్డను దాని చుట్టూ మడిచి, రాయి కింద గుడ్డ మెడకు తాడు బిగించి కర్రలకు కట్టింది. పందిరి నిలబడింది, నీడలో వల పూర్తయింది.

నాకే కుదురు లేదు. గాలి వినిపిస్తే లేచిపోయి తాడు ముడులు తడుముతున్నాను. మీలోనూ ఇట్లాంటివాళ్లున్నారా?

గుడ్డ సముద్రం దాకా ఎగరడం, ఊరు వెంటపడడం నా కల్పన. నిజానికది పక్కింటి కంచెకు తగులుకుంది. చిల్లులు మాత్రం నేను పొడిచినవే.